నీళ్ళు ఎప్పుడెక్కాయి

"టీచర్, నేను చూసిందే రాశాను."

మాట ఏడో తరగతి మూడో బెంచీ చివర్నుంచి వచ్చింది. సైన్స్ టీచర్ దిద్దిన పేపర్లు పంచుతూ గది మధ్యలో ఉంది. గోడ అవతల రెండో తరగతి పిల్లలు చెవులు చిల్లులు పడేలా అరుస్తున్నారు. వాళ్ళ టీచర్ పురిటి సెలవు మీద వెళ్ళి వారమైంది. బదులు మనిషి దొరికేదాకా ఆ ముప్ఫై నాలుగు మందినీ కూడా మీరే చూసుకోండి మేడమ్, అన్నాడు హెడ్మాస్టరు. అప్పట్నుంచీ ఆమె ఒక కాలు ఈ గదిలో, ఒక కాలు ఆ గదిలో.

"ఏంటి నువ్వు చూసింది?" అంది తలెత్తకుండా.

లేచి నిలబడిన పిల్ల తరగతిలో అందరికన్నా పొట్టి. సన్నగా, నిటారుగా ఉంటుంది. ఎక్కడ కూర్చోబెట్టినా ఏదో ఒక ప్రశ్నతో గుచ్చుతుందని తోటిపిల్లలు గుండుసూది అని పేరు పెట్టారు. టీచర్‌కీ వాళ్ళే పెట్టిన పేరొకటుంది, ఎర్ర పెన్ను. అది తనకి తెలుసని ఆమె ఎప్పుడూ బయటపడలేదు.

"ఐదో ప్రశ్న టీచర్. వెలుగుతున్న కొవ్వొత్తి మీద గ్లాసు బోర్లిస్తే పళ్ళెంలో నీళ్ళు గ్లాసులోకి ఎందుకెక్కాయి అని. మొత్తం కొట్టేశారు."

టీచర్ ఆ పేపరు అందుకుంది. ఎర్ర గీత ఈ మూల నుంచి ఆ మూలకి ఉంది. దాని కింద పిల్ల రాత. 'గ్లాసు పెట్టగానే అంచు దగ్గర నాలుగు బుడగలు బయటికి వచ్చాయి. మంట ఉన్నంతసేపూ నీళ్ళు దాదాపు కదల్లేదు. మంట ఆరిపోయాక గబగబా పైకి ఎక్కాయి. ఎందుకో నాకు ఇంకా తెలీదు.'

"ఎందుకో తెలీదు అని రాస్తే మార్కులు ఎలా వేస్తారమ్మా? బోర్డు మీద రాయించానుగా. గ్లాసులో ఉన్న ఆక్సిజన్‌ని మంట వాడేసుకుంది. గాలిలో ఆక్సిజన్ ఐదో వంతు. ఆ ఖాళీలోకి నీళ్ళు వచ్చాయి. అంతే."

"ఆక్సిజన్ అయిపోయేది మంట వెలుగుతున్నప్పుడు కదా టీచర్. మరి నీళ్ళు కూడా అప్పుడే ఎక్కాలి కదా. ఆరాక ఎందుకెక్కాయి?"

వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. ఇక మొదలైంది రా బాబూ అని ఇంకెవరో గొణిగారు.

"అవును మరి. పుస్తకం రాసినవాళ్ళందరికీ కళ్ళు పోయాయి. నీకొక్కదానికే ఉన్నాయి."

గది గొల్లుమంది. పిల్ల చెవులు ఎర్రబడ్డాయి కానీ కూర్చోలేదు.

"ఇంకోసారి చేసి చూద్దామా టీచర్? రెండు నిమిషాలే పడుతుంది."

అడగడంలో పొగరేమీ లేదు. నిజంగానే రెండు నిమిషాల పని. కానీ సరిగ్గా అప్పుడే పక్క గదిలో ఏదో ధడేలుమని పడింది, ఆ వెనకే ఎవరో ఏడుపు లంకించుకున్నారు. టీచర్‌కి మంట నషాళానికంటింది.

"సరైన జవాబు ఇరవై సార్లు రాసి రేపు పట్రా. నీ కళ్ళు అవే బాగవుతాయి."

మిగిలిన పేపర్లు లీడరు చేతిలో పడేసి పరిగెత్తింది.

రెండో తరగతిలో పడింది చెత్తబుట్ట. ఏడుస్తున్న పిల్ల ఎందుకేడుస్తోందో ఆ పిల్లకే గుర్తు లేదు. టీచర్ నీళ్ళ బకెట్ మధ్యలో పెట్టి, అందర్నీ చుట్టూ కూర్చోబెట్టి, బోర్డు మీద రెండు గళ్ళు గీసింది. మునిగేవి, తేలేవి. రబ్బరు, పెన్సిలు, గుండీ, ఆకు, ఒక్కొక్కటీ వేయించింది. రెండు జడలు నిక్కబొడుచుకుని ఉండే ఒక పిల్ల, రోజంతా వాగుతుందని చిలక అంటారు, మోకాళ్ళ మీద వంగి బకెట్‌లోకి మొహం పెట్టేసింది.

"టీచర్, దూది ముందు తేలింది. తర్వాత నెమ్మదిగా నీళ్ళు తాగింది. తాగి తాగి మునిగింది. మునిగేటప్పుడు తిరిగింది కూడా."

టీచర్ సుద్దముక్క పట్టుకుని రెండు గళ్ళ వంకా చూసింది. ముందు తేలి తర్వాత మునిగేవాటికి గడి లేదు.

"మునిగేది అని రాసుకోండి," అంది.

మర్నాడు ప్రార్థన కాగానే గుండుసూది స్టాఫ్‌రూమ్ గుమ్మం దగ్గరికి వచ్చింది. రెండు కాగితాలు, వరస సంఖ్యలతో సహా ఇరవై సార్లు. టీచర్ కావాలనే ఒకటి నుంచి ఇరవై దాకా వేలితో లెక్కపెట్టింది. ఇరవయ్యోసారి రాసిన అక్షరాలు కూడా మొదటిసారి రాసినంత గుండ్రంగా ఉన్నాయి. చెయ్యి నొప్పెట్టిన పిల్ల రాత అలా ఉండదు. ఆపి ఆపి, ఓపిగ్గా రాసింది.

"అర్థమైందా ఇప్పుడు?"

"అయింది టీచర్."

ఇంకేదో అంటుందని టీచర్ ఎదురుచూసింది. పిల్ల వెళ్ళనా టీచర్ అని అడిగి వెళ్ళిపోయింది.

ఆ రోజు ఏడో తరగతికి అయస్కాంతాల పాఠం. మేకు, నాణెం, గాజుపూస, తాళంచెవి బల్ల మీద పరిచి ఏది అంటుకుంటుందో చూసి పట్టికలో రాయమంది. బెంచీల మధ్య తిరుగుతూ మూడో బెంచీ దగ్గర ఆగింది. గుండుసూది పట్టిక నిండిపోయి ఉంది. అయస్కాంతం ఇంకా మొదటి బెంచీ కూడా దాటలేదు.

"చూడకుండానే రాసేశావే?"

"పుస్తకంలో ఉంది టీచర్."

నిజమే, ఉంది. ఒక్క తప్పు కూడా లేదు. టీచర్ పక్కన టిక్కు పెట్టి ముందుకి కదిలింది. రెండడుగులు వేశాక ఎందుకో వెనక్కి తిరిగి చూసింది. పిల్ల చేతులు కట్టుకుని కిటికీ బయటికి చూస్తోంది. రవికలో గడ్డిపరక దూరినట్టు అయింది ఆమెకి. కనపడదు, కూర్చోనివ్వదు.

మధ్యాహ్నం ఆమె భోజనం డబ్బా మూత రాలేదు. తిప్పింది, కొంగు చుట్టి తిప్పింది, బల్ల అంచుకేసి కొట్టింది. లెక్కల టీచర్ కూడా ఒక పట్టు పట్టి చెయ్యెర్రబడ్డాక వదిలేసింది. చివరికి లెక్కల టీచర్ పెట్టిన రెండు బిస్కెట్లతో సరిపెట్టుకుని, సాయంత్రం దాకా నాలుగు తరగతులు నిలబడి లాగించింది. ఇంటికొచ్చి డబ్బాని వంటగట్టు మీద దబ్బున పెట్టింది.

భర్త అప్పుడే వచ్చాడు. ఆయనది ఫ్రిజ్‌లు బాగుచేసే పని. మోచేతుల దాకా మసి, జేబులో స్క్రూడ్రైవర్లు.

"డబ్బా మీద పడ్డావేంటి, బడిలో పిల్లలెవరూ దొరకలేదా?"

"మూత రావట్లేదు. పొద్దున్నించీ తిండి లేదు, తెలుసా."

ఆయన డబ్బా తిప్పి చూశాడు. గిన్నెలో వేడినీళ్ళు పోసి డబ్బాని అందులో కూర్చోబెట్టాడు. చేతులు కడుక్కొచ్చి రెండు వేళ్ళతో తిప్పాడు. టప్పుమని వచ్చింది.

"పొద్దున పొగలు కక్కుతున్న అన్నం మీద మూత బిగించావు. చల్లారాక లోపల గాలి ముడుచుకుంది. బయట గాలి మూతని తొక్కి పట్టుకుంది. ఇంకేం వస్తుంది?" తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ నవ్వాడు. "సైన్స్ టీచరువి, నేను చెప్పాలా నీకు?"

నిజానికి చెప్పక్కర్లేదు. వేడెక్కితే గాలి వ్యాకోచిస్తుంది, చల్లబడితే సంకోచిస్తుంది. ఎనిమిదో తరగతి, నాలుగో పాఠం. సీసా మూతికి బెలూన్ తగిలించి, వేడినీళ్ళలో పెట్టి ఆమె ఏటా చూపిస్తుంది. పిల్లలు చప్పట్లు కొడతారు.

ముద్ద నోటి దాకా తీసుకెళ్ళి ఆగిపోయింది.

కొవ్వొత్తి కూడా గాలిని వేడిచేస్తుంది. ఆరిపోతే ఆ గాలి చల్లబడుతుంది. ఏడో తరగతి కొవ్వొత్తి, ఎనిమిదో తరగతి సీసా ఇన్నేళ్ళుగా పక్కపక్క వాటాల్లో అద్దెకున్నవాళ్ళలా ఆమెలోనే ఉన్నాయి. ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

"ఏమైంది, ఉప్పెక్కువైందా?"

"ఏం లేదు," అంది.

పొద్దున ఇంకా పాలవాడు రాకముందే ఆమె వంటగదిలో ఉంది. అంచున్న పళ్ళెం తీసింది. నీళ్ళలో నాలుగు చుక్కల నీలం సిరా కలిపింది. కరెంటు పోతే వాడే కొవ్వొత్తిని ముక్కలుగా కోసి ఒకటి మధ్యలో నిలబెట్టింది. వెలిగించి, పొడుగాటి గాజు గ్లాసు బోర్లించింది.

నాలుగు బుడగలు. కాదు, ఐదు.

మంట సన్నబడింది. వంగింది. నీళ్ళు గ్లాసు అంచు దగ్గరే తచ్చాడుతున్నాయి. మంట ఆరింది, పొగ సుడి తిరిగింది. అప్పుడు, ఎవరో లోపల్నుంచి పీల్చినట్టు నీలం నీళ్ళు సరసరా పైకొచ్చి వేలెడు ఎత్తున ఆగాయి.

ఇంకోసారి చేసింది. అదే వరస. ఈసారి మూడు ముక్కలు ఒకేసారి వెలిగించింది. బుడగలు బొడబొడమన్నాయి. నీళ్ళు సగం గ్లాసు ఎక్కాయి. కొవ్వొత్తులు పెరిగినంత మాత్రాన గ్లాసులో గాలికి ఆక్సిజన్ ఎక్కణ్ణుంచి పెరుగుతుంది? అది ఐదో వంతే. నీళ్ళు సగానికి వచ్చాయంటే బుడగలై పోయిన వేడిగాలిది ఆ ఖాళీ. ఎక్కువ మంటలు, ఎక్కువ వేడి, ఎక్కువ బుడగలు.

వంటగట్టు పట్టుకుని నిలబడిపోయింది. ఇరవై ఒక్కేళ్ళుగా ఆమె ఈ ప్రయోగం చేస్తోంది. ప్రతిసారీ ఇలాగే జరిగి ఉంటుంది. మరి తనెందుకు చూడలేదు? చెయ్యి గాల్లోకి లేపి, గ్లాసు బోర్లించినట్టు దించి చూసుకుంది. ఆ తర్వాత ఆమె ఒళ్ళు దానంతటదే కుడివైపు తిరిగింది. బోర్డు ఉండేది అటే. గ్లాసు పెట్టగానే ఆమె ఫలితం రాయడానికి అటు తిరిగిపోయేది. నీళ్ళెక్కేటప్పుడు ఎప్పుడూ ఆమె వీపే అటుండేది.

"టీ పెట్టవా?" అని భర్త గుమ్మంలోంచి తొంగి చూశాడు. పళ్ళెం, మసి, గట్టంతా సిరా. "ఇదేంటి, నాకు పోటీగా నువ్వు పెడతావా దుకాణం?"

"నేనొక పిల్లని తిట్టాను," అంది ఆమె.

"ఇవాళ కొత్తా?"

ఆమె గట్టు మీది సిరా తుడవసాగింది. ఆయన ఆమె మొహం చూసి, ఇంకేమీ అడక్కుండా టీ తనే పెట్టుకున్నాడు.

అదే రోజు, బుధవారం, మొదటి గంటకి ముందే గుండుసూదిని వరండాలో పట్టుకుంది.

"నీ ఐదో జవాబు తప్పు కాదు. నేనే తప్పు. ఇంట్లో చేసి చూశాను. పేపరివ్వు, మార్కులు వేస్తాను."

పిల్ల మొహం వెలుగుతుందనుకుంది. పిల్ల ఒకడుగు వెనక్కి వేసింది. ఎర అనుకున్నట్టు చూసింది.

"పర్లేదు టీచర్. ఇరవై సార్లూ రాసేశాను కదా."

"అది కాదమ్మా. నువ్వు చూసింది నిజం. నీకా కారణం కూడా చెప్తాను..."

"పరీక్షలో ఏది రాయాలి టీచర్?"

టీచర్ పేపరు కోసం చెయ్యి చాచింది. దించింది.

"పుస్తకంలోదే రాస్తాలెండి," అంది పిల్ల, పెద్దవాళ్ళని ఊరుకోబెట్టేటప్పటి గొంతుతో. "గంట కొట్టారు టీచర్."

సాయంత్రం గేటు దగ్గర ఒకావిడ ఎదురొచ్చింది. ఆస్పత్రి లాండ్రీ వాళ్ళ నీలం కోటు, నీళ్ళలో నాని నాని తెల్లబడ్డ వేళ్ళు. పనిలోంచి సరాసరి వచ్చినట్టుంది.

"టీచరమ్మా, మా పిల్ల మీ దగ్గరే చదువుతుంది. అందరూ గుండుసూది అంటారే, దానమ్మని."

నిలదీయడానికే వచ్చిందనుకుంది టీచర్. వీధిలో నలుగురిలో ఎలా అడిగినా సరే, తలొంచుకుని వినాలనుకుంది.

ఆవిడ టీచర్ చెయ్యి రెండు చేతుల్లోకి తీసుకుంది.

"ఎన్నాళ్ళనుంచో చెప్పి చెప్పి నా నోరు పడిపోయిందమ్మా. వంటింటి గోడ నిండా పెన్సిలు గీతలే. ఐసుముక్క ఎంతసేపటికి కరిగింది, పాలు ఎంత పొంగాయి, ఎండ తలుపు మీదికి ఎన్నింటికొచ్చింది, చీమలు ఎటు పోయాయి. ఇంటాయన నా మీద అరుపులు. తుడవవే అంటే వినేది కాదు. మీరేం చెప్పారో ఏమో, సోమవారం బడినుంచొచ్చి రాత పని చేసుకుంది, తడిగుడ్డ పట్టుకుని మొత్తం తనే తుడిచేసింది. ఒక్క గీత లేదు. ఇప్పుడెంత బుద్ధిగా ఉందో! పుస్తకం ముందునుంచి లేవదు. నా తలనొప్పి తగ్గించారమ్మా."

టీచర్ చెయ్యి వెనక్కి తీసుకోవాలనుకుంది. ఆవిడ వదల్లేదు. ఆ వేళ్ళు చల్లగా, మెత్తగా, సబ్బు వాసనతో ఉన్నాయి.

"మొత్తం తుడిచేసిందా?" అంది చివరికి.

"సున్నం వేసినట్టుంది గోడ!"

గురువారం పొద్దున హెడ్మాస్టరు గదిలోకి వెళ్ళి విషయం చెప్పింది. ఆయన కళ్ళద్దాలు తీసి తుడిచి, పెట్టుకుని, మళ్ళీ తీశాడు.

"పదో తరగతి పరీక్షలకి ఇంకా ఎన్ని రోజులు మేడమ్?"

"పద్దెనిమిది."

"జవాబుల కీలో ఏముంటుంది?"

"ఐదో వంతు అనే ఉంటుంది."

"మరి? ఆ రెండు మార్కులు పోతే మొదటి ర్యాంకు పక్క బడికి పోతుంది. తల్లిదండ్రులు నా గది ముందు కూర్చుంటారు. మీరు కరెక్టే అనుకోండి. నేను కాదనట్లేదు. కానీ కరెక్టు ఇప్పుడే అవ్వాలా? పరీక్షలయ్యాక అవ్వకూడదా?"

"పై ఆఫీసుకి ఉత్తరం రాద్దాం సార్. రెండు జవాబులకీ మార్కులివ్వమని. మీరు సంతకం పెడితే..."

"నేను చూడనట్టు ఉంటాను. అది నేను చేయగల సాయం," అన్నాడు నిజాయితీగానే.

పదో తరగతిలో పునశ్చరణ. వాయువుల పాఠం రానే వచ్చింది. ముందు బెంచీలో ఫస్ట్ ర్యాంకు పిల్ల స్కేలూ మూడు రంగుల పెన్నులూ వరసగా పెట్టుకుని కూర్చుంది. ఏడో తరగతిలో ఈ టీచర్ దగ్గరే చదివింది, అప్పుడు రాసిన నోట్సు అట్ట వేసి ఇప్పటికీ దాచుకుంది.

"ఈ కొవ్వొత్తి ప్రయోగం..." అని మొదలుపెట్టింది టీచర్. "ఇందులో చిన్న విషయం ఉంది. అంటే, నీళ్ళు ఎక్కడానికి ఆక్సిజన్ ఒక్కటే కారణం అనుకుంటాం కానీ..."

నలభై పెన్నులు ఆగాయి.

"టీచర్, ఏది రాయాలి?" అంది ఫస్ట్ ర్యాంకు. గొంతులో కంగారు. "అండర్‌లైన్ కూడా చేసేశాం టీచర్. మార్చాలా?"

టీచర్ ఆ నోట్సు చూసింది. తను చెప్పిన మాటలే, ఎర్ర గీతతో. పద్దెనిమిది రోజులు. రెండు మార్కులు. ఆ పిల్ల తండ్రి ఉద్యోగం పోయి ఇంట్లోనే ఉంటున్నాడు, ర్యాంకొస్తే పైచదువు ఉచితం. ఇది గది మొత్తానికీ తెలుసు.

"వద్దు," అంది. "పుస్తకంలోదే రాయండి."

నలభై పెన్నులు కదిలాయి. ఆమె బోర్డు వైపు తిరిగి, చెరపాల్సిందేమీ లేని చోట డస్టర్‌తో చాలాసేపు తుడిచింది.

ఇంటికెళ్ళి అన్నం తినలేదు. బట్టలు మడతపెట్టి, మళ్ళీ విప్పి, మళ్ళీ మడతపెట్టింది. నిన్న వరండాలో ఆ పిల్ల అడిగిందీ, ఇవాళ ఈ పిల్ల అడిగిందీ ఒకటే మాట. వాళ్ళకి ఆ మాట నేర్పిందెవరో తెలుస్తూనే ఉంది. దీపాలు పెట్టే వేళకి కాగితం తీసి ఉత్తరం మొదలుపెట్టింది. 'అయ్యా, నేను ఇరవై ఒక్క సంవత్సరాలుగా సైన్స్ బోధిస్తున్నాను' అని రాసి, 'బోధిస్తున్నాను' కొట్టేసి, మళ్ళీ అదే రాసింది. ముగించి కింద తన ఒక్క సంతకమే పెట్టింది. శుక్రవారం బడికి వెళ్తూ దారిలో పోస్టు చేసింది. డబ్బాలో పడ్డాక చెయ్యి లోపలికి పెట్టి తీసేయాలనిపించింది కానీ ఆ సందులో చెయ్యి పట్టదు.

శుక్రవారం రెండో పిరియడ్‌లో ఆమెకి రెండు తరగతులూ ఒకేసారి పడ్డాయి. అటెండరు కూడా సెలవు. హెడ్మాస్టరు చేతులెత్తేశాడు.

"అందర్నీ ల్యాబులోనే కూర్చోబెట్టేయండి మేడమ్. చిన్నవాళ్ళు చప్పుడు చేయకుండా చూసుకోండి, చాలు."

రెండో తరగతి నేల మీద ముందు, ఏడో తరగతి బల్లల వెనక. చిన్నవాళ్ళకి ల్యాబంటే జాతరే. ఇదేంటి, అదేంటి, ఎముకల బొమ్మకి బట్టలేవి, అని ఒకటే గోల. టీచర్ పళ్ళెం, గ్లాసు, కొవ్వొత్తి, సిరా నీళ్ళు తెచ్చి బల్ల మీద పెట్టేసరికి గోల సగానికి తగ్గింది. అగ్గిపుల్ల గీసేసరికి పూర్తిగా పోయింది.

గ్లాసు బోర్లించింది. ఒళ్ళు కుడివైపు తిరగబోయింది. బల్ల అంచు గట్టిగా పట్టుకుని నిలబడింది.

మంట ఆరింది. నీళ్ళెక్కాయి.

"ఏమైంది?" అంది ఏడో తరగతి వైపు.

"ఆక్సిజన్ అయిపోయింది టీచర్, ఐదో వంతు ఖాళీలోకి నీళ్ళెక్కాయి టీచర్," ఒకే రాగంలో ముప్ఫై గొంతులు. గుండుసూది పెదాలు కూడా కదిలాయి. కళ్ళు కిటికీలో ఉన్నాయి.

"మీరు చెప్పండి," అంది కింద కూర్చున్నవాళ్ళతో. "ఏం చూశారు?"

"పొగ టీచర్!"

"మంట నిద్రపోయింది!"

"నీలం నీళ్ళు మేడెక్కాయి!"

"నేను చూశా నేను చూశా," అని చిలక లేచి నిలబడింది. "నీళ్ళు పైకెక్కి కొవ్వొత్తిని ఆర్పేశాయి టీచర్! ఎక్కి, మొహం మీద చల్లేశాయి!"

"కాదు."

మాట వెనకనుంచి వచ్చింది. ఎవరో అనుకోకుండా అనేసినట్టుంది. టీచర్ అటు చూడలేదు. చూస్తే ఆగిపోతుందేమోనని భయమేసింది.

"అవును!" అంది చిలక. "నేను చూశాను!"

"నువ్వు మంటనే చూశావు. నీళ్ళని చూడలేదు." గుండుసూది బల్లల మధ్యనుంచి దారి చేసుకుంటూ వచ్చేసింది. చిన్నదాని పక్కన మోకాళ్ళ మీద కూర్చుని దాని తల రెండు చేతులతో పట్టుకుని పళ్ళెం వైపు తిప్పింది. "ఇదిగో, ఇక్కడ చూడు. అంచు దగ్గర. మంట ఊసే వద్దు. ముందు బుడగలు వస్తాయి, లెక్కపెట్టు. తర్వాత ఏం ముందు జరిగింది, ఏం తర్వాత జరిగింది, అది చెప్పు. టీచర్, మళ్ళీ చేయండి."

టీచర్ మళ్ళీ చేసింది.

"ఒకటి, రెండు, మూడు, నాలుగు!" చిన్నవాళ్ళంతా బుడగలు లెక్కపెట్టారు. తర్వాత అంతా నీళ్ళ అంచు దగ్గరికి వంగారు. మంట పోయింది.

"ఇప్పుడు! ఇప్పుడెక్కుతున్నాయి!" చిలక గెంతింది. "ఆరాక! ఆరాక ఎక్కాయి అక్కా!"

ఏడో తరగతి వాళ్ళు ఎప్పుడు లేచారో, బల్లలెక్కి మరీ చూస్తున్నారు. మళ్ళీ చేయండి టీచర్, అన్నారు. మూడోసారి, నాలుగోసారి చేసింది. తర్వాత మూడు కొవ్వొత్తులతో చేసింది. సగం గ్లాసు ఎక్కేసరికి వెనక బెంచీ వాళ్ళు ఈల వేశారు.

"నేను మీకు తప్పు చెప్పాను," అంది టీచర్. "మీకే కాదు, మీ ముందు వాళ్ళక్కూడా. మంట వేడికి కొంత గాలి బుడగలై పోయింది, ఆరాక మిగిలిన గాలి చల్లబడి ముడుచుకుంది, అందుకే నీళ్ళెక్కాయి. సోమవారం ఒకరు కరెక్టు రాస్తే కొట్టేశాను. పైగా మీ అందరిచేతా నవ్వించాను. అది ఇంకా పెద్ద తప్పు."

ఎవరూ నవ్వలేదు. గుండుసూది పళ్ళెంలోకే చూస్తోంది.

"మరి ఆక్సిజన్ ఎంత అయిపోయింది టీచర్, అసలు?" అంది తలెత్తకుండా.

"నాకు తెలీదు. కొంత అయిపోతుంది. మొత్తం అవ్వదనుకుంటాను. ఎంతో ఎలా కొలవాలో కూడా తెలీదు."

పిల్ల అప్పుడు తలెత్తి, ఆమెని మొదటిసారి చూస్తున్నట్టు చూసింది. ఆ చూపులో జాలి లేదు, ప్రేమా లేదు. లెక్క సరిచూసుకుంటున్నట్టు ఉంది.

గంట కొట్టారు. తర్వాతి పిరియడ్ పదో తరగతి. పిల్లల్ని వరసగా పంపించేసి టీచర్ పళ్ళెం ఎత్తింది. నీళ్ళు తొణికి చీర కుచ్చిళ్ళ మీద నీలం మరకపడింది. గ్లాసుకీ కొవ్వొత్తులకీ ఇంకో చెయ్యి చాల్లేదు.

గుమ్మం దాటబోతున్న గుండుసూదిని పిలిచింది. "నాతో పదో తరగతికి వస్తావా? మీ టీచర్‌తో నేను చెప్తాను."

పిల్ల ఆగింది. "ఎందుకు?"

"ఇది వాళ్ళకి చూపించాలి."

"మీరు చెప్పింది తప్పని వాళ్ళకి కూడా చెప్తారా?"

"చెప్తాను."

"నా ముందే?"

టీచర్ ఒక్క క్షణం పళ్ళెంలోకి చూసింది. "నీ ముందే."

పిల్ల గ్లాసు, అగ్గిపెట్టె, కొవ్వొత్తి ముక్కలు ఒడిలో వేసుకుంది.

పదో తరగతి లేచి నిలబడింది. ముందు బెంచీలో మూడు రంగుల పెన్నులు వరసగా ఉన్నాయి. టీచర్ పళ్ళెం బల్ల మీద దించి, తడి చేతులు కొంగుకి తుడుచుకుని, కూర్చోమంది.

"నిన్న మీరు ఏది రాయాలని అడిగారు. పుస్తకంలోది రాయండన్నాను. భయపడి అన్నాను. మీకు ఏడో తరగతిలో నేను రాయించింది తప్పు. ఈ పాప చూసి కనిపెట్టింది. రెండు జవాబులకీ మార్కులివ్వమని పై ఆఫీసుకి ఉత్తరం రాసి పోస్టు చేశాను. వాళ్ళు వింటారో వినరో చెప్పలేను."

ఫస్ట్ ర్యాంకు పిల్ల మొహం పాలిపోయింది. "వినకపోతే టీచర్?"

"వినకపోతే ఆ రెండు మార్కులకి ఏది రాయాలో మీరే తేల్చుకోవాలి. ఏది రాసినా నేను తప్పుపట్టను. కానీ ఏది నిజమో తెలిసి రాయండి."

వెనకెవరో అసహనంగా నిట్టూర్చారు. ఫస్ట్ ర్యాంకు పిల్ల పెన్ను మూత పెట్టింది, తీసింది, మళ్ళీ పెట్టింది.

గుండుసూది ఎవరి వంకా చూడలేదు. స్టూలు లాక్కుని ఎక్కి, కొవ్వొత్తిని మధ్యలో నిలబెట్టింది. వంకరగా ఉందని తీసి మళ్ళీ నిలబెట్టింది. నీళ్ళు వేలితో కొలిచింది. అగ్గిపుల్ల గీసింది. గ్లాసు రెండు చేతులతో ఎత్తి పట్టుకుని ఆగింది.

"ఎవరూ రాయకండి," అంది తనకన్నా మూడేళ్ళు పెద్దవాళ్ళతో. "నీళ్ళ దగ్గర చూడండి."

బెంచీలు కిర్రుమన్నాయి. ముందు ఇద్దరు లేచారు. తర్వాత నలుగురు. ఫస్ట్ ర్యాంకు పిల్ల చివరిదాకా కూర్చుని, ఇక ఉండలేక పెన్ను వదిలేసి వచ్చి బల్ల మీదికి వంగింది.

టీచర్ కిటికీ దగ్గర, పళ్ళేనికి ఎదురుగా నిలబడి ఉంది. పిల్ల గ్లాసు దించబోయి ఆమె వంక చూసింది.

"టీచర్, కొంచెం పక్కకి జరగండి. మీ నీడ పడుతోంది."

ఆమె జరిగింది.